చిలుక నోట కామమ్మ పేరు

ఒరేయ్ పిల్లలూ, ఫోనులో కూర్చున్న ఆ సర్వజ్ఞుణ్ణి "మంచి దోసె ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతారు కదా, వాడు జన్మలో ఒక్క దోసె అయినా తిన్నాడంటారా? తినలేదు. మరెలా చెబుతున్నాడు? తెలియదూ? అయితే వినండి.

మల్లెలదిన్నె రాజు పెద్దిభూపతికి ఓ వెర్రి పుట్టింది. ఊళ్ళోకొచ్చే పరదేశులకు దారీ తెన్నూ చెప్పడానికి పడమటి కోటగుమ్మంలో ఒక చిలుకను పెట్టించాడు. మహా గడుసుది. పక్కన ఎవరేం మాట్లాడుకున్నా పట్టేసేది. ఎవరైనా ఏదైనా అడిగితే, అలాంటి ప్రశ్నకు తాను విన్న జవాబు అప్పజెప్పేది. విననే లేదనుకోండి, తెలియదని ఒప్పుకునేదా? లేదు. నోటికొచ్చిన పద్యం ఎత్తుకునేది.

ఒకనాడు రాజు సభలో అన్నాడు.

"పున్నమికి మగపెళ్ళివారు వస్తున్నారు. వాళ్ళ భోజనం ఎక్కడన్నది నేను చెప్పను. చిలుక ఏ పూటకూళ్ళ ఇంటి పేరు చెబితే అక్కడే. ఆపైన నా అతిథులందరూ ఆ ఇంటికే."

పూటకూళ్ళ ఇల్లంటే బాటసారులకు పూటకింతని పుచ్చుకుని అన్నం పెట్టే ఇల్లు. ఆ ఊళ్ళో అవి రెండు: సోమిశెట్టిది ఒకటి, కామమ్మది ఒకటి.

ఆస్థానకవి ఉద్దండయ్య మీసం దువ్వాడు. "సోమిశెట్టి భోజనశాల మీద చిలుకకు రోజూ పద్యాలు నేర్పుతూనే ఉన్నాను ప్రభూ. ఇంక పోటీ ఎక్కడిది?"

రాజు పక్కన తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడే అడపకత్తె సింగమ్మ ఆకులకు సున్నం రాస్తూ అంతా వింది. సాయంత్రం తిన్నగా కామమ్మ ఇంటికి పోయింది.

కామమ్మ ఖాళీ అరుగు మీద కూర్చుని ఉంది. "పున్నమి వెళ్ళాక పొయ్యి ఆర్పేస్తాను సింగమ్మా. కొత్తవాళ్ళు ఒక్కరూ రావడం లేదు. ఆ సోమిశెట్టి ఇంట్లోనే గరిటె తిప్పుకుంటాను."

"తిన్నవాళ్ళంతా నిన్ను మెచ్చుకుంటారు కదే."

"మెచ్చుకుంటారు. మెచ్చుకుంటూ తూర్పుగుమ్మం దాటి పోతారు."

సింగమ్మ నవ్వింది. "చిలుకేమో పడమట కూర్చుంది. దానికి నీ పేరు చెప్పిందెవరు?"

అప్పుడే భోంచేసి పెరట్లో చేతులు కడుక్కుంటున్న పాత బేరం బండివాళ్ళను పిలిచింది. "అన్నల్లారా, పోయేటప్పుడు కాస్త చుట్టు తిరిగి పడమటి గుమ్మం మీదుగా పోండి. అక్కడ ఆగి, ఇక్కడ మీకు నచ్చింది మీ మాటల్లోనే చెప్పుకోండి. అబద్ధం ఒక్కటీ వద్దు."

అంతే, చిలుక చెవిన కొత్త మాటలు పడ్డాయి.

"పొద్దుపోయి వస్తే మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది బావా?"

"కామమ్మ ఇంట్లో. మజ్జిగ అడిగినంత పోస్తుంది. ఎద్దులకు కుడితి కూడా పెడుతుంది."

ఉద్దండయ్య ఇవేవీ పట్టించుకోలేదు. చిలుకకు పాఠమంటే పద్యమే, మామూలు మాట దానికి ఎక్కదని ఆయన నమ్మకం. పొద్దున్నే వచ్చి "షడ్రసోపేత మృష్టాన్న" అంటూ ముక్కుతో రాగం తీసేవాడు. పాపం, ఏ ఆకలిగొన్నవాడైనా "అయ్యా, షడ్రసోపేతం ఎటు?" అని అడుగుతాడా?

ఆయన పాఠం ముగించే వేళకు సింగమ్మ పంజరం పక్కనే ఎదురయ్యేది.

"ఉద్దండయ్యగారూ, తమరు భోజనానికి ఎటు?"

కడుపులో ఎలుకలు పరిగెత్తేవాడికి దాపరికం ఎక్కడిది? రోజూ అదే జవాబు. మర్నాడూ అడిగేది. ఆ మర్నాడూ అడిగేది.

పున్నమి వచ్చింది. పెళ్ళివారు దిగారు. రాజు, పరివారం గుమ్మం దగ్గర చేరారు. కామమ్మ జనం వెనక కొంగు నలుపుకుంటూ నిలబడింది. పెళ్ళికొడుకు మేనమామ ముందుకొచ్చి అడిగాడు. "ఏమే చిలుకా, ఇక్కడ మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది?"

"కామమ్మ ఇంట్లో. మజ్జిగ అడిగినంత. ఎద్దులకు కుడితి."

ఉద్దండయ్య మండిపడ్డాడు. "ఇది బండివాళ్ళ కూత ప్రభూ. వాళ్ళకి రుచేం తెలుసు? పండితుల మాట చెల్లాలి."

"చెల్లాల్సిందే ప్రభూ," అంది సింగమ్మ వినయంగా. "అదీ అడిగేద్దాం." చిలుక వైపు తిరిగింది. "ఉద్దండయ్యగారూ, తమరు భోజనానికి ఎటు?"

చిలుక మెడ సాచి, అచ్చం కవిగారి ముక్కుగొంతుతో అంది:

"పద్యం సోమిశెట్టిదేగానీ పొట్ట నాది కదటే. ఆయన పప్పులో గజ ఈతగాడు మునిగినా కందిబద్ద దొరకదు. కామమ్మ ఇంటికే."

మేనమామ తలపాగా జారేలా నవ్వాడు. రాజు నవ్వు బిగబట్టుకుని, "ఉద్దండయ్యా, ఇది ఏ ఛందస్సయ్యా?" అన్నాడు.

సింగమ్మే బదులిచ్చింది.

"ఆకలి ఛందస్సు ప్రభూ. ఇందులో కవిగారు ఎన్నడూ తప్పు చెయ్యరు."

గుమ్మం గుమ్మమంతా గొల్లుమంది. రాజు తన చేతి కంకణం తీసి సింగమ్మకు తొడిగాడు. పెళ్ళివారు కామమ్మ ఇంటికి కదిలారు. వాళ్ళకన్నా ముందు కామమ్మ పరుగెత్తింది, ఎసరు పెట్టొద్దూ మరి.

నేనూ లేస్తాను. చింతపండులో ఈనెలు తియ్యడం సగంలో వదిలేసి వచ్చాను.