కనుమదారిలో కొరడా

దండనాయకులు గుర్రపుబండ్లలో తిరిగే రోజుల్లో, కుమ్మరి నూకాలు పెళ్లివారి కుండలు ఎడ్లబండిలో వేసుకుని ఇరుకు కనుమదారిన పోతోంది. ఒక్క కుండ పగిలినా ఆమె పరువు పోతుంది.

వెనక గుర్రపుబండిలోంచి దండనాయకుడు రుద్రప్ప అరుపులు మొదలుపెట్టాడు.

"తోలవే ముసలీ! రాజుగారి కొలువుకి పోవాలి. చేతిలో కొరడా లేదా?"

"కొడితే నా ఎడ్లు కూలబడతాయి దొరా. కనుమ దాటాక దారిస్తాను."

"ఎట్లా కూలబడతాయో చూస్తా!" అని దిగొచ్చి తన కొరడాతో ఎడ్లను ఛెళ్లున కొట్టాడు. రెండెడ్లూ దారిలోనే కూలబడ్డాయి. గడ్డిలో ఒత్తి పేర్చిన కుండలు కదిలాయి గాని పగల్లేదు.

రుద్రప్ప మళ్లీ కొరడా ఎత్తాడు. నూకాలు అడ్డంగా నిలబడింది, గొంతు మాత్రం పెంచలేదు.

"ఇంకో దెబ్బ పడితే పొద్దుగూకేదాకా లేవవు. నోరు మూసుకుని కూర్చుంటే లేస్తాయి. మీ ఇష్టం."

గుర్రపుబండి వెనక్కి తిప్పే చోటు లేదు. దండనాయకుడు రాతిమీద కూర్చున్నాడు. చాలాసేపటికి ఎడ్లు లేచాయి. కనుమ దాటాక నూకాలు బండి పక్కకు తీసింది.

"ఆలస్యమెందుకని రాజుగారడిగితే ఏం చెప్పను?" అని రుద్రప్ప పళ్లు నూరాడు.

"ఉన్నదే చెప్పండి దొరా. నేను తోలినంతసేపూ బండి నడిచింది. తమరు తోలాకే ఆగింది."