హన్నమ్మ కూత

అనగా అనగా, మన కోడి కూస్తే వినపడనంత దూరంలో, ఏడు సముద్రాల అవతల, అమెరికా అనే దేశంలో ఒక ఊరు. ఊరి పేరు అడక్కండి. ఈ కథ తెచ్చింది మా తాత. కోరంగి రేవులో ఓడెక్కి, కళాసీగా ఎక్కడెక్కడో తిరిగొచ్చాడు. చెప్పినప్పుడల్లా ఊరికి కొత్త పేరు పెట్టేవాడు. "అదేంటి తాతా, నిన్న వేరే పేరు చెప్పావు?" అంటే, "నీకు కథ కావాలా, ఊరు కావాలా?" అని కసిరేవాడు. నాకు కథే కావాలి. మీకూ అదే గతి.

ఎవరైనా తను లేకపోతే పని జరగదని గొప్పలు పోతే మనం ఏమంటాం? "ముసలమ్మ కోడి కూయకపోతే తెల్లారదా?" అంటాం. నేనూ బోలెడుసార్లు అన్నాను. ఈ కథ విన్నాక ఆ మాట అనడానికి నోరు రావడం లేదు. ఎందుకో వినండి. ఆవలించేవాళ్ళు గోడవైపు తిరిగి ఆవలించండి, నాకూ అంటుకుంటుంది.

ఆ ఊళ్ళో ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక ముసలమ్మ. పేరు హన్నా. మా తాత నోట్లో పడి హన్నమ్మ అయింది. ఊరివాళ్ళ బట్టలుతికి పొట్టపోసుకునేది. ఆవిడకి ఉన్నవి మూడే. బట్టలుతికే తొట్టి, రూతు అనే మనవరాలు, ఒక ఎర్ర పుంజు. ఆ పుంజు మన కోళ్ళలాగా తొలిజాము, మలిజాము అని కూసే రకం కాదు. పరమ బద్ధకం. తూర్పు తెల్లబడితే తప్ప నోరు విప్పేది కాదు. అది కూస్తే ఊరు లేచేది. పొద్దు కుంకితే ఊరు పడుకునేది. అంతకన్నా లెక్క ఎవరికీ అక్కర్లేకపోయింది.

అప్పుడు ఆ ఊరికి మిల్లొచ్చింది.

ఏటి నీళ్ళకి చక్రం తిరిగితే, ఆ చక్రానికి మగ్గాలు వాటంతటవే ఆడే బట్టల మిల్లు. ఇటుక గోడలు, గోడల మీద గోపురం, గోపురంలో గంట, గంట కింద గడియారం. ఊళ్ళో ఆడపిల్లలంతా అందులో పనికి చేరారు. రూతూ చేరింది. మిల్లు దొర అందరినీ నిలబెట్టి చెప్పాడు.

"ఇక మీరు ఆకాశంకేసి చూడక్కర్లేదు. లేవడానికో గంట, పనికో గంట, ఇంటికో గంట. పొద్దు సంగతి నేను చూసుకుంటాను."

ఎంత మంచివాడమ్మా అనుకున్నారు జనం. పొద్దు సంగతి కూడా చూసిపెట్టేవాడు దొరికితే ఎవరు కాదంటారు?

చలికాలం వచ్చింది. అక్కడి చలికాలం మనది కాదు. ఆకాశంలోంచి మంచు ఉప్పులాగా రాలుతుందట. పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది, పెందలాడే కుంకుతుంది. పిల్లలు చీకట్లో పనికెళ్ళి చీకట్లో ఇంటికొచ్చేవాళ్ళు. బయటికి చూస్తూ కూర్చుంటున్నారని దొర మిల్లు కిటికీలకి సున్నం కొట్టించాడు. ఇంకో పని కూడా చేశాడు. అది మీకు చెప్తున్నాను, పాపం వాళ్ళకి తెలీదు. గడియారం ముల్లుని రోజూ రవ్వంత జరిపేవాడు. పొద్దున్న ముందుకి, సాయంత్రం వెనక్కి.

ఊళ్ళో అంతా గందరగోళం. ఒకావిడ పొద్దున్న తాగాల్సిన జావ రాత్రి కాచి, తెల్లారిందనుకుని మొగుణ్ణి లేపింది. ఒకాయన పనికని బయల్దేరి, ఇంటికనుకుని వెనక్కి తిరిగి, దారిలో నిలబడిపోయాడు. అందరికీ ఒళ్ళు నొప్పులు, అందరికీ కళ్ళు మంటలు. "ముసలితనం వచ్చేస్తోంది కాబోలు" అనుకున్నారు. నిన్నగాక మొన్న వోణీ వేసినంత వయసు పిల్లలూ అదే అనుకున్నారు, చోద్యం కాకపోతే!

రూతు ఇంటికొచ్చి గడపలోనే కూలబడేది.

"అమ్మమ్మా, ఇది పొద్దుటా, సాయంత్రమా?"

"నాకేం తెలుసే తల్లీ. కోడినడుగు" అనేది హన్నమ్మ.

ఒకరోజు రూతు పక్క మగ్గం పిల్ల నిలబడే కునుకు తీసింది. మగ్గాన్ని తిప్పే తోలుపట్టా ఆ పిల్ల చెయ్యి లాక్కుపోయింది. ఆ రోజు నుంచి హన్నమ్మకి ఒకటే భయం. తర్వాతి కునుకు నా మనవరాలిదే, తర్వాతి చెయ్యి నా మనవరాలిదే.

ఆ భయానికి నిద్ర పట్టక, రూతు పనికి వెళ్ళగానే హన్నమ్మ బుట్టెడు బట్టలు ముందేసుకుంది. ఉతికింది, పిండింది, ఆరేసింది. ఇంకా చీకటే. తూర్పు తెల్లబడుతుంటే అప్పుడు కూసింది పుంజు.

హన్నమ్మ తెల్లబోయింది. "పని గంట కొట్టి ఇంతసేపైంది. ఇప్పుడు తెల్లారడమేంటి? కోడికి మతి పోయిందా, గంటకి మతి పోయిందా?"

అదే వేళకి మిల్లులో ఫలహారం గంట కొట్టి మగ్గాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో పిల్లలకీ కూత వినపడింది. నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది. "ఏంటీ, ఇప్పుడా తెల్లారింది?" అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఆ మాట దొర చెవిన పడింది. మొదట తియ్యగా వచ్చాడు. "మామ్మా, నీ పుంజు ముసలిదైపోయింది, అడ్డదిడ్డంగా కూస్తోంది. నాకిచ్చెయ్, బదులు మంచి శాలువా ఇస్తాను." హన్నమ్మ ఇవ్వనంది.

రెండోసారి మనిషిని పంపాడు. వాడు ఎవరూ చూడకుండా పుంజు మీద పీపా బోర్లించి పోయాడు. చీకట్లో అది ఇంకా తెల్లారలేదనుకుంది. మిట్టమధ్యాహ్నం వాడే మళ్ళీ వచ్చి పీపా తీసేసరికి కొక్కొరొకో అంది. ఊరంతా విరగబడి నవ్వింది. "చూశారా, పిచ్చి గంటకి కాదు, కోడికే!" అన్నాడు దొర. హన్నమ్మ తొట్టి పక్కన కూర్చుని ఏడ్చింది. "నమ్మిన కోడే ఇలా చేస్తే, ఇంక దేన్ని నమ్మనురా దేవుడా!"

మూడోసారి మంచు మీద ఎర్రటి ఈకలు మిగిలాయి. అంతే.

ఆ సాయంత్రం రూతు వచ్చింది. "అమ్మమ్మా, ఇది పొద్దుటా, సాయంత్రమా?"

కోడినడుగు అనబోయి హన్నమ్మ ఆగిపోయింది. అడగడానికి కోడేదీ? మనవరాలి కళ్ళు మూతలు పడిపోతున్నాయి. ఆ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

మర్నాడు రూతు వెళ్ళగానే ఆవిడ ఇంటి వెనక దిబ్బెక్కింది. తూర్పుకి తిరిగి మంచులో చతికిలబడింది. ఆకాశం బూడిదరంగు తిరిగేదాకా చూసింది. అప్పుడు గొంతు సవరించుకుని, మెడ సాచి, కొక్కొరొకో అని కూసింది.

ముసలావిడ! కోడిలాగా! ఊరి కుక్కలన్నీ మొరిగాయి. "మతి చలించింది, పాపం" అన్నారు జనం. ఆవిడ పట్టించుకోలేదు. రెండోరోజూ కూసింది. మిల్లులో మగ్గాలు ఆగిన వేళకి ఆ కూత లోపలికి వచ్చింది. పిల్లలు నవ్వబోయి మానేశారు. మనకోసం ఒక ముసలిప్రాణం చలిలో కూర్చుని కూస్తోందని అర్థమైంది. రూతైతే మగ్గం వెనక దాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది.

మూడోరోజు పని గంట మోగింది. మోగింది, మోగింది. పిల్లలంతా గేటు ముందు చీకట్లో నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు.

"ఏంటి ఆలస్యం?" అన్నాడు దొర.

"ఇంకా తెల్లారలేదండి. హన్నమ్మ కూయలేదు."

"ముసలమ్మ కూయకపోతే తెల్లారదా?" అని ఎగతాళి చేశాడు. ఈ మాట మనకే సొంతం అనుకున్నాను నేను. కాదట!

చాలాసేపటికి దిబ్బ మీంచి కూత వినపడింది. అప్పుడు లోపలికెళ్ళారు. ఆ మర్నాడూ అంతే. దొర తిట్టాడు, బెదిరించాడు, పనిలోంచి తీసేస్తానన్నాడు. ఇంతమందిని తీసేస్తే మగ్గాల దగ్గర తనే నిలబడాలి కదా! హన్నమ్మ కూసేదాకా గేటు ముందే. ఆ చలికాలమంతా అలాగే నడిచింది.

ఒకరోజు గంట మోగింది. పిల్లలు నిలబడ్డారు. ఆకాశం బూడిదరంగైంది. కూత లేదు. ఎర్రబడింది. కూత లేదు. పొద్దు పొడిచి మంచు మీద కళ్ళు చెదిరేంత వెలుగొచ్చింది. అయినా కూత లేదు.

పిల్లలకి ఏమీ తోచలేదు. "తెల్లారినట్టా, కానట్టా?" అని ఒకరినొకరు అడిగారు. వాళ్ళకి నిజంగానే తెలియలేదు మరి. గంట అబద్ధమైంది, కోడి చచ్చిపోయింది, హన్నమ్మ కూయలేదు. రూతు మాత్రం, పోనీలే, అమ్మమ్మ ఇవాళైనా నిద్రపోయింది అనుకుంది.

దొరకి ఒళ్ళు మండిపోయింది. చెయ్యి ఆకాశంలోకి చాపి అరిచాడు.

"మీ కళ్ళు పోయాయా? అదుగో సూర్యుడు! ఎవరు కూస్తే ఏంటి, కూయకపోతే ఏంటి? సూర్యుణ్ణి చూడండి!"

రూతు మెల్లిగా అడిగింది.

"సూర్యుణ్ణే చూడమంటారా దొరగారూ? గంటని కాదా?"

దొర చాపిన చెయ్యి గబుక్కున దించేసుకున్నాడు.

అప్పుడు రూతుకి తట్టింది. అమ్మమ్మ ఇంతసేపు పడుకునే మనిషి కాదు. దిబ్బ మీదికి పరుగెత్తింది. హన్నమ్మ తూర్పుకి తిరిగే కూర్చుని ఉంది. జుట్టంతా మంచు. కూయడానికి సిద్ధంగా మెడ కాస్త పైకెత్తి ఉంది.

"అమ్మమ్మా" అంది రూతు. "అమ్మమ్మా, ఇది పొద్దుటా, సాయంత్రమా?"

హన్నమ్మ పలకలేదు.

రూతు తల ఎత్తి సూర్యుణ్ణి చూసింది. ఊరికేసి తిరిగింది. ఏడుస్తూనే కొక్కొరొకో అని కూసింది. కింద గేటు ముందు పిల్లలంతా కూశారు. ఆనక కన్నీళ్ళు తుడుచుకుని పనిలోకి వెళ్ళారు.

ఆ రోజు నుంచి పొద్దు పొడవకముందు అక్కడ గంట కొట్టలేదు. దొర మంచివాడై కాదు. సూర్యుణ్ణి చూడమని తన నోటితోనే అన్నాడు, ఊరంతా విన్నది, ఇంక ఎక్కడికి పోతాడు?

ఆ ఊళ్ళో ఇప్పటికీ పనిలోకి అడుగుపెట్టేముందు ఎవరో ఒకరు కోడిలాగా కూస్తారట. మా తాత చచ్చిపోయేదాకా, ఏ గంట మోగినా ముందు ఆకాశంకేసి చూసేవాడు. మా వీధిలో చీకటుండగానే పనికి రమ్మని ఎవరైనా కబురుపెడితే మేం అడిగే మాట ఒకటే. "హన్నమ్మ కూసిందా?"

కథ కంచికి పోవాలంటే ఏడు సముద్రాలు దాటాలి, ఈ పూటకి ఇక్కడే ఉండనివ్వండి. మీరు మాత్రం ఇకమీదట, ముసలమ్మ కోడి కూయకపోతే తెల్లారదా అని నా దగ్గర అనకండి. ఒక ఊళ్ళో తెల్లారలేదు.