బావి మూతి దగ్గర నక్క ముక్కు

"ఉప్పుటేరు పొంగొచ్చె ఓ చిలకా, నా గూటి దారేదే చిలకా..." ఆ పైన మాటలు ఆదెమ్మకి ఎప్పుడూ గుర్తు రావు. చిన్నప్పుడెప్పుడో విన్న పాట. ఉన్న ముక్కనే పాడుకుంటూ ఆ ముసలి తాబేలు బురద తొట్టికేసి చూస్తూ కూచునేది.

ఆ తొట్టి సముద్రంలో, నాలుగు కాళ్ళ మంచె మీద ఉంది. ఒడ్డునున్న జంతువుల పొయ్యిలు వెలగాలని, సముద్రం అడుగునున్న చమురూ గ్యాసూ కోసం అక్కడ బావి తవ్వుతున్నారు. ఎద్దు గుండ్రంగా తిరుగుతూ గొట్టం దించుతుంది. గొట్టంలోకి చిక్కటి బురద పోస్తే, అది కిందికి పోయి మళ్ళీ పైకొచ్చి తొట్టిలో పడుతుంది. ఎంత విడ్డూరమో చూడండి, అంత గ్యాసునీ అణిచి ఉంచేది ఆ బురద బరువే. పోసినదానికన్నా ఎక్కువ తిరిగొచ్చిందంటే, కింద గ్యాసు తోసుకొస్తున్నట్టే. అది కనిపెట్టి చూడటమే ఆదెమ్మ పని.

బావి మూతి దగ్గర పీత, గ్యాసు తన్నుకొస్తే నొక్కి మూసెయ్యడానికి డెక్కలు రెండూ చాచి కాపలా. ఎదురుగా ఒడ్డున, ఇసుకలో ఆదెమ్మ గుడ్లు. బావి కక్కిందా, చమురు తెట్టు తిన్నగా పోయేది అక్కడికే.

ఒకనాడు తొట్టిలో బురద అంచుదాకా వచ్చింది.

"తమ్ముడూ, మూసెయ్," అంది ఆదెమ్మ.

పీత ఎందుకని అడగలేదు. డెక్కలు బిగించేసింది. ఎద్దు ఆగిపోయింది.

పని చేయించే మేస్త్రీ నక్క. రుసరుసలాడుతూ వచ్చింది. "ఎవరు మూయమన్నారు? తుఫాను రోజులు దగ్గర పడుతుంటే పని ఆపుతారా?"

"బురద పెరిగింది నాయనా."

"అల తుళ్ళి తొట్టిలో పడుంటుంది. నీవన్నీ ముసలి భయాలు పెద్దమ్మా. తెరిపించు."

ఆదెమ్మ మెడ లోపలికి లాక్కుని కాసేపు ఆలోచించింది. "అలే అయ్యుంటుందిలే. తెరిచేటప్పుడు నువ్వు మాత్రం మూతి పక్కనే ఉండు. నిన్ను చూస్తే పీతకి ధైర్యం."

నక్క దర్జాగా వెళ్ళి బావి మూతికి ముక్కు ఆనించింది. డెక్కల కింద గొట్టం గుర్రుమంటోంది. నక్క ముక్కు వెనక్కి లాక్కుంది.

"తెరవనా మేస్త్రీగారూ?" అంది పీత.

"ఆగాగు. ఒడ్డున నాకో పని ఉంది. నేను వెళ్ళాక తెరువు."

"తమరు పక్కనుంటేనే కదా దానికి ధైర్యం," అంది ఎద్దు, నెమరేస్తూ.

నక్క వెనక్కి వెనక్కి జరిగి తొట్టిలో పడింది.

పీత పట్టు వదల్లేదు. ఎద్దు ఇంకా చిక్కగా బురద కలిపి గొట్టంలోకి పంపింది. సాయంత్రానికి గుర్రు అణిగింది. ఆదెమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

నక్క చెవుల్లో బురద దులుపుకుంటూ వచ్చి, నసిగి నసిగి అంది: "పెద్దమ్మా, ఇకమీదట అనుమానం వస్తే ముందు మూయించు, తరవాత నన్నడుగు. తెరవమనేవాడు ఎవడైనా సరే, ముందు వాడి ముక్కు అక్కడ పెట్టించు."