తెర మీద లేని ప్రింటరు

మా పేటలో జిరాక్సు షాపు పెట్టిన గవర్రాజూ, వాడి తమ్ముడు సన్యాసిరావూ, గవర్రాజు పెళ్ళాం నూకాలమ్మా, ముగ్గురూ ముగ్గురే. తమ తెలివి ఊరందరికీ పంచినా ఇంకా మిగులుతుందని వాళ్ళ నమ్మకం. ఊళ్ళో ఎవరూ ఇంతవరకూ చెయ్యి చాపలేదు.

కంప్యూటరు బిగించిన మెకానిక్కు వెళ్తూ ఒక మాట చెప్పాడు.

"మీరు మిషన్ల జోలికి పోకండి. ఏది ఉందో, ఏది లేదో తెర మీదే కనిపిస్తుంది. తెర చెప్పిందే నమ్మండి."

అంతే, ముగ్గురూ ఆ మాట మీద ఒట్టేసుకున్నారు.

ఓ రోజు పొద్దున్నే నూకాలమ్మ షాపు ఊడుస్తుంటే చీపురు తగిలి ప్రింటరు వైరు ఊడింది. తెర మీద ప్రింటరు బొమ్మ మాయమైంది. సరిగ్గా అప్పుడే ఆవిడ మేనకోడలు పైడితల్లి హాల్ టికెట్ ప్రింటు తీయించుకోడానికి పరిగెత్తుకొచ్చింది. ఆ మధ్యాహ్నమే పట్నంలో నర్సు ఉద్యోగానికి పరీక్ష. హాల్ టికెట్ లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. అవతల బస్సు హారను కొడుతోంది.

"ప్రింటరు లేదమ్మా" అన్నాడు గవర్రాజు.

"మరి బల్ల మీదున్నదేటన్నయ్యా?" అన్నాడు సన్యాసిరావు.

"ప్రింటరైతే తెర మీద ఉండదేట్రా?"

ఇంకేముంది, సన్యాసిరావు ప్రింటరును వెతకడానికి బజారుకి పరిగెత్తాడు. ప్రింటరు కానిది బల్ల మీదెందుకని నూకాలమ్మ దాన్ని పెరట్లోకి మోసుకెళ్ళి, కోడిపిల్లల గంప మీద బరువుగా పెట్టింది.

పైడితల్లికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే దాన్ని వెనక్కి తెచ్చి వైరు గుచ్చింది. తెర మీద బొమ్మ వచ్చింది.

"వచ్చేసింది! మా తమ్ముడు బజార్లో పట్టేసినట్టున్నాడు" అని గవర్రాజు మురిసిపోయాడు.

కాగితం బయటికొచ్చింది. పిల్ల దాన్ని లాక్కుని పరుగున పోయి బస్సెక్కింది. గవర్రాజు తెర వంక చూసి గుండె బాదుకున్నాడు. హాల్ టికెట్ ఇంకా తెర మీదే ఉంది!

"అయ్యో, గుంట ఉట్టి కాగితం పట్టుకుపోయిందే!"

అంతే, తెరను వైర్లలోంచి పీకి, నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు. బస్సెక్కి చూస్తే తెర నల్లగా ఉంది.

"హాల్ టికెట్ పోయిందమ్మా. ఇంక పరీక్షెందుకు, దిగిపో."

"నా చేతిలోనే ఉంది మావా!"

"తెర మీద లేనిది చేతిలో ఎలాగుంటదే?"

పైడితల్లి కాగితాన్ని గట్టిగా గుండెకి హత్తుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. బస్సు కదిలింది.

"నువ్వు దిగవయ్యా" అన్నాడు కండక్టరు.

గవర్రాజు తెరలోకి మళ్ళీ తొంగిచూశాడు. బస్సు కూడా లేదు.

పైడితల్లి పరీక్ష రాసి, పాసై, ఉద్యోగంలో కూడా చేరింది. గవర్రాజు మాత్రం ఇంకా ఆ బస్సులోనే, ఒళ్ళో తెరతో కూర్చుని ఉన్నాడు. డిపో వాళ్ళు ఎంత బతిమాలినా వాడిది ఒకటే మాట.

"లేని బస్సులోంచి ఎలా దిగమంటారు బాబూ?"