నాంచారమ్మ నరానికి నిద్ర

ఊళ్ళో ఉన్న తెలివినంతా మూడు మూటలు కట్టి దేవుడు తమ ఇంట్లోనే దించాడని గొడుగువారి నమ్మకం. పోతరాజుకి ఒకటి, తల్లి అచ్చాయమ్మకి ఒకటి, భార్య నాంచారమ్మకి ఒకటి. నాంచారమ్మ మూట మరీ బరువనీ, అందుకే ఆవిడకి అంత తలనొప్పి అనీ ముగ్గురూ కలిసి తేల్చారు.

మూడేళ్ళుగా అదే నొప్పి. వచ్చిన నొప్పికో మాత్ర, రాబోయేదానికి ముందుగా ఇంకో మాత్ర. మాత్రలు పెరిగేకొద్దీ నొప్పీ పెరిగింది. కోలాటంలో ముందు నిలబడి ఆడించే మనిషి, మూడు శ్రీరామనవములు తలుపులేసుకుని పడుకుంది. ఈసారైనా ఆడి తీరాలని పట్నం వెళ్ళింది.

డాక్టరమ్మ అంతా విని, "ఇన్ని మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయమ్మా. ఇకమీదట అవి నీ కంటికి కనపడకూడదు. తల వెనక నరానికి మత్తు ఇంజెక్షన్ చేస్తాను. నరం నిద్రపోతుంది, నీకు హాయిగా ఉంటుంది," అని ఇంజెక్షన్ చేసి పంపింది.

అంతే. ఇంటికి రాగానే మాత్రల డబ్బాని ఉన్నచోటే ఉంచి, నాంచారమ్మ కళ్ళకి గుడ్డ కట్టారు.

"కనపడుతున్నాయేమిటే?" అన్నాడు పోతరాజు.

"గోడే కనపడట్లేదండీ, ఇంక మాత్రలెక్కడ!" అని మురిసిపోయింది.

ఆ గుడ్డతోనే వంటకి దిగి, పప్పులో ఉప్పుకి బదులు ముగ్గు వేసింది. నీళ్ళబిందెని తన్నింది. అది ఖంగుఖంగుమంటూ వాకిటిదాకా దొర్లింది.

"అయ్యో, నరం లేస్తుందర్రా!" అని అచ్చాయమ్మ గుండె బాదుకుని, కోడలి మెడ మీద జోకొడుతూ జోల అందుకుంది. ఇంకేముంది, గిన్నెలన్నిటికీ గోనెపట్టాలు చుట్టారు. కోడిపుంజుని చుట్టాలింటికి పంపారు. తుమ్ము వస్తే పోతరాజు పొలందాకా పరిగెత్తి అక్కడ తుమ్మి వచ్చేవాడు.

నవమి వచ్చింది. నొప్పి లేదు! నాంచారమ్మ కోలలు చేతపట్టింది. ఆనందంతో కళ్ళగుడ్డ తడిసిపోయింది.

గుమ్మం దాటబోతుంటే అచ్చాయమ్మకి కొత్త దిగులు. "ఒరే, పదిహేను రోజులైంది. పాపం ఆ నరం ఒక్క మెతుకు తినలేదురా. పస్తున్న నరంతో కోలాటమేమిటి?"

పెరుగన్నం కలిపి లేపారు. పలకలేదు. కంచం మోగించారు. ఉలకలేదు. గోనెపట్టాలు విప్పి గిన్నెలన్నీ దడదడలాడించారు.

"ఏమైనా కదిలిందా అమ్మాయ్?"

"చీమంత నొప్పి కూడా లేదత్తయ్యా," అంది నాంచారమ్మ బిక్కమొహంతో.

"ఇంకెక్కడి నరం! నిద్రలోనే ప్రాణం పోయింది!" అని అచ్చాయమ్మ శోకాలు పెట్టింది. ఇంటి నరం పోతే ఇంటికి మైల. మైలలో కోలాటమా? కోలలు అటకెక్కాయి. వీధిలో కోలలు టకటకలాడుతుంటే, నొప్పిలేని తలని పట్టుకుని నాంచారమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. "మూడేళ్ళు ఒక్కరోజైనా నన్ను విడిచి ఉండలేదండీ!"

పదో రోజున గోడ మీద పిండం పెట్టారు. పోయినవాళ్ళకి ఇష్టమైనవి పెట్టాలి కదా, పక్కన రెండు తలనొప్పి మాత్రలూ పెట్టారు. కాకి పిండం తినేసి మాత్రలు ముట్టకుండా పోయింది.

"అయ్యో, దాని కోరిక తీరలేదు," అంది అచ్చాయమ్మ.

అయినవాళ్ళే తీర్చాలి కదా. డాక్టరమ్మ మాట మాత్రం తప్పకూడదని నాంచారమ్మ కళ్ళగుడ్డ ఇంకాస్త బిగించుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళి, రెండు మాత్రలూ నోట్లో వేసుకుంది.