అడుగుజాడ లేని బండి

ధూళికోన అనే అడవిలో ముంగిసలు, ముళ్ళపందులు, దుప్పులు, కుందేళ్ళు కాపురముండేవి. ఆ అడవి దారుల్లో జల్లెడ పట్టిన పిండిలాంటి మెత్తటి దుమ్ము ఉండేది. పొద్దున్నే మంచు కమ్మేది. ఎదురుగా ఉన్నది చెట్టో జంతువో కూడా తెలిసేది కాదు.

అందుకని అక్కడివాళ్ళు ఒకరినొకరు అడుగుజాడలతోనే గుర్తుపట్టేవారు. తెల్లవారగానే అందరూ దారి మీదికి వచ్చి, తలలు వంచి నేల చదివేవారు. "కుందేలు వదిన ఏటికి వెళ్ళింది. దుప్పి తాత ఇవాళ కుంటుతున్నాడు" అని చెప్పుకునేవారు. నోరు అబద్ధమాడొచ్చు గాని దుమ్ము అబద్ధమాడదని వాళ్ళ నమ్మకం.

ఎవరి అడుగులైనా కొన్నాళ్ళు కనబడకపోతే, వాళ్ళ బొరియ ముందు దుమ్మును కొమ్మతో ఊడ్చేసేవారు. ఆ తర్వాత ఆ పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. చచ్చిపోయినవాళ్ళను సాగనంపే పద్ధతి అక్కడ అదే.

ఆ అడవిలో జోరప్ప అనే ముంగిస ఉండేవాడు. పేరుకు తగ్గవాడే. కూర్చుంటే లేవాలి, లేస్తే పరుగెత్తాలి. అతని భార్య కపిల. వాళ్ళకు కళ్ళు తెరిచి ఎన్నాళ్ళో కాని ఇద్దరు పిల్లలు. ఆ ఏడు దగ్గర పొదల్లో గుడ్లు దొరకలేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే జోరప్ప చూడలేకపోయాడు. అది నిజమే. కాని అందరిలా నడిచి వెళ్ళి తేవడం అతనికి నామోషీ. అదీ నిజమే.

అడవి అంచున మనుషులు వదిలేసి పోయిన రాతి క్వారీ ఉంది. అక్కడి రేకుల షెడ్డులో ఓ చిన్నపిల్లల సైకిలు, పొలాల్లో మందు కొట్టే యంత్రం ఇంజిను, సగం నిండిన పెట్రోలు డబ్బా పడి ఉన్నాయి. జోరప్ప కపిలతో "గుడ్లు తెస్తా" అని మాత్రం చెప్పి అక్కడికి వెళ్ళాడు. సాయానికి సూదులత్తను పిలిచాడు. సూదులత్త ఓ ముళ్ళపంది. ఆమె పళ్ళు గట్టివి, ఓపిక ఇంకా గట్టిది.

మొదట ఇంజినును సీటు వెనక తీగలతో కట్టారు. ఇంజినును తిప్పే తాడు లాగగానే అది తీగలు తెంపుకుని కింద పడింది. రెండోసారి ఇనుప పట్టీ వేసి బోల్టులు బిగించారు. ఈసారి ఇంజినును తిరగేసి పెట్టారేమో, బండి వెనక్కి పరుగెత్తి జోరప్పను గోడకు కొట్టింది. చివరికి సరిగ్గా తిప్పి పెట్టి, వెనక చక్రానికి గొలుసు తగిలించారు. బండి ముందుకు కదిలింది. చక్రాలు చిన్నవి. టైర్లు గీతలన్నీ అరిగి నున్నగా ఉన్నాయి.

సూదులత్త బండి చుట్టూ తిరిగి చూసి, "ఒరే అల్లుడూ, సీటు దించుకో. నీ కాళ్ళు నేలకు తగలాలి" అంది.

"కాళ్ళకు దుమ్ము అంటకూడదనే కదత్తా ఇంత కష్టపడ్డది!"

"దుమ్ము అంటకపోతే నువ్వెవరో ఎవరికి తెలుస్తుందిరా?"

"నా చప్పుడు వింటే చాలు, తెలుస్తుంది" అని జోరప్ప సీటును ఇంకో జానెడు పైకి లేపాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, ఇక్కడ చెప్పిన అత్తే లోకువైంది.

మర్నాడు మంచులోంచి ఓ చప్పుడు వచ్చింది. అలాంటి చప్పుడు ఆ అడవి పుట్టాక వినలేదు. పక్షులు నోళ్ళు మూసుకున్నాయి. దుప్పులు పొదల్లో దూరాయి. కుందేళ్ళు బొరియల్లో ఒకదాన్నొకటి హత్తుకుని కూర్చున్నాయి. తెల్లటి మంచులో ఏదో దూసుకుపోయింది. దాని వెనక ఎవరికీ తెలియని ఘాటు వాసన మిగిలింది.

జోరప్ప మాత్రం, "అబ్బో! ఎంత మర్యాద! అందరూ నాకు దారి ఇస్తున్నారే!" అని మురిసిపోయాడు. అదే ఊపులో అడవి ఆ చివరికి గుడ్ల కోసం వెళ్ళాడు. ఒక్కరోజు పనిని, బండి సరదా కొద్దీ దారులన్నీ తిరుగుతూ, ఇంటికి రాకుండా చాలా రోజులు చేశాడు.

చప్పుడు దూరమయ్యాక అందరూ మెల్లగా బయటికి వచ్చి నేల చూశారు. దారి పొడవునా నున్నటి సన్నటి గీత ఉంది. దానికి తల లేదు, తోక లేదు. పక్కన ఒక్క అడుగు కూడా లేదు.

దుప్పి తాత ఆ గీత వెంబడి క్వారీ దాకా వెళ్ళాడు. షెడ్డు ముందు నేలంతా చదివాడు. తిరిగి వచ్చి అందరికీ చెప్పాడు.

"షెడ్డులోకి వెళ్ళిన అడుగులు జోరప్పవి. బయటికి వచ్చిన గీత పాముది. లోపలికి వెళ్ళినవాడి అడుగులు మళ్ళీ బయటికి రాలేదు."

కపిల పిల్లలను బొరియలోకి లాక్కుంది. సూదులత్త పరుగున వచ్చి, "అది పాము కాదే అమ్మా, వాడి బండి!" అని నెత్తీనోరూ బాదుకుంది.

"వాడంటే నీకు ప్రేమ, అందుకే అలా అనిపిస్తోంది. బతికుంటే అడుగేది?" అన్నాడు దుప్పి తాత. సూదులత్తకు చూపించడానికి ఒక్క అడుగైనా లేదు.

రోజూ ఏదో ఒక దారిలో కొత్త గీత కనిపించేది. కొన్నాళ్ళు చూసి, దుప్పి తాత కొమ్మ తెచ్చి కపిల బొరియ ముందు ఊడ్చాడు. అప్పటి నుంచి అడవిలో జోరప్ప అన్న పేరు లేదు.

ఒక ఉదయం జోరప్ప బుట్టనిండా కంజుపిట్ట గుడ్లతో ఇంటికి వచ్చాడు. బొరియ ముందు దుమ్ము శుభ్రంగా ఊడ్చి ఉంది. ఎవరు పోయారోనని అతను కంగారుపడ్డాడు. ఇంజిను మెల్లగా తిరుగుతుండగానే, "కపిలా! పిల్లలూ! నేను వచ్చాను!" అని పిలిచాడు.

లోపల పిల్లలు భయంతో బుసకొట్టిన చిన్న చప్పుడు. పిల్లలు వెంట్రుకలు నిక్కబొడుచుకుని గోడకు అంటుకుపోయారు.

"అమ్మా, పాము నాన్న గొంతుతో మాట్లాడుతోంది" అంది చిన్నది.

"పలకొద్దు. మీ నాన్న లేడు" అంది కపిల. మామూలు పామైతే ఆమె ఒక్కతే చంపేది. దారంత పొడవు పాముతో ఏ ముంగిస పోరాడగలదు? పిల్లలను ముందు తోసుకుంటూ వెనక కన్నంలోంచి పారిపోయింది.

ఆ మాటలు జోరప్ప చెవిన పడ్డాయి. అప్పుడైనా దిగి నడిచి ఉంటే సరిపోయేది. కాని కంగారులో అతనికి అలవాటైనదే తోచింది. బండి తిప్పి వాళ్ళ వెంట పడ్డాడు.

"ఆగండి! నేనే!" అని అరిచాడు. ఇంజిను మోతలో ఆ అరుపు బుసలాగే వినిపించింది. బండి వెంబడిస్తున్న కొద్దీ వాళ్ళు ఇంకా వేగంగా పరుగెత్తారు. దుమ్ము దారి అయిపోయి బండలగుట్ట వచ్చింది. బండి చిన్న చక్రం రాళ్ళ సందులో ఇరుక్కుంది. జోరప్ప ఎగిరి అవతల పడ్డాడు. గుడ్లన్నీ పగిలాయి. ఇంజిను ఆగింది.

మంచులో ఎవరూ లేరు. బండల మీద జాడలు పడవు. వాళ్ళు ఎటు తిరిగారో చూద్దామని అతను వెనక్కి దుమ్ములోకి వచ్చాడు. పిల్లల బుల్లి అడుగుల మీద నుంచి అతని చక్రాలే వెళ్ళాయి. వేళ్ళు లేవు, గోళ్ళు లేవు. దారి పొడవునా ఒకటే గీత. జోరప్ప ఆ గీత పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ బండిని సూదులత్త తెచ్చుకుంది. సీటు దించింది. రెండు కాళ్ళూ నేలకు రాస్తూ, మెల్లగా నడిపింది. గీతకు అటూ ఇటూ ఆమె అడుగులు చూసి కుందేళ్ళు కూడా నవ్వుతూ ఎదురొచ్చాయి. ఏటి నీళ్ళు, దుంపలు, కాలు నొప్పి పుట్టిన దుప్పి తాత మేత, అన్నీ ఆమె బండి మీదే వెళ్ళేవి. ధూళికోనలో అంత గౌరవం ఇంకెవరికీ దక్కలేదు.

జోరప్ప మళ్ళీ చక్రం ముట్టలేదు. రోజూ ఉదయం బండలగుట్ట దాకా నడిచి వెళ్ళి, దుమ్ములో అడుగులు గట్టిగా నొక్కి, తిరిగి వచ్చేవాడు. పిలిచేవాడు కాదు. గొంతును వాళ్ళు నమ్మరని అతనికి తెలుసు.

వానలు మొదలయ్యే ముందు ఒక ఉదయం, అతని నిన్నటి అడుగుల ఎదురుగా పిల్లలిద్దరి చిన్న అడుగులు కనిపించాయి. అవి గుట్ట దిగి వచ్చి, అతని జాడ ముందు చాలాసేపు నిలబడి, మళ్ళీ గుట్ట ఎక్కాయి. జోరప్ప వాటిని తొక్కకుండా పక్కనే కూర్చున్నాడు.

నీతి: ఎంత వేగంగా పోయినా, మనవాళ్ళు మనల్ని గుర్తుపట్టే అడుగు నేల మీద పడుతూనే ఉండాలి.