నాలుగు చేతుల వాళ్ళ ఇంటిపేరు

అనగనగనగా కర్బనపాలెం అని ఒక ఊరుందటమ్మా. ఆ ఊళ్ళో అందరికీ నాలుగేసి చేతులు. నాలుగు చేతులున్నాయి కదా, తెగ పనిచేసేస్తారనుకునేవు. అబ్బే! ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకునుండడమే ఆ చేతుల పని. ఒక్క చెయ్యి ఖాళీగా ఉన్నా ఒళ్ళంతా వణుకు పుట్టేది.

అందుకని ఇంట్లోవాళ్ళంతా చెయ్యీ చెయ్యీ పట్టుకుని వరసగా నిలబడేవాళ్ళు. మిగిలిన చేతులతో ఉదజని పిల్లల్ని, అదేనమ్మా హైడ్రోజన్ పిల్లల్ని, పట్టుకునేవాళ్ళు. ఈ ఉదజనులు మరీ బుడతలు. ఒక్కొక్కరికి ఒక్కటే చెయ్యి.

ఆ ఊళ్ళో ఇంటిపేర్లు తాతల నాటివి కావు. వరసలో ఎంతమంది ఉంటే దాన్నిబట్టి పేరు. ఒక్కరే ఉంటే మీథేన్ వారు. ఇద్దరుంటే ఈథేన్ వారు. ముగ్గురైతే ప్రోపేన్, నలుగురైతే బ్యూటేన్, అయిదుగురైతే పెంటేన్. బుడతల్ని మాత్రం లెక్కేసేవాళ్ళు కాదు, పాపం.

ఆ ఊరికి ఒక్కటే భయం, నిప్పు. వాళ్ళది నిప్పు తగిలితే భగ్గుమనే జాతి. పోనీ వాగులో మునిగి దాక్కుందామా అంటే, నీళ్ళమీద తేలిపోయే జాతి. ఎండాకాలంలో పొద్దువాలేసరికి కొండమీంచి నిప్పుగాలి దిగేది. అప్పుడు ఊరంతా తలదాచుకునే రాతికోట ఒకటుండేది, తలారి దాని గోడెక్కి ఒక్కో ఇంటిపేరే పిలిచేవాడు. పిలిచినవాళ్ళకే కాపలావాడు తలుపు తీసేవాడు. అందరూ ఒక్కసారి తోసుకుంటే చేతులు విడిపోతాయని ఆ కట్టుబాటు.

బ్యూటేన్ వారి కోడలు నూకరత్నం. వరసలో మొదట ఆమె మామగారు సన్యాసయ్య, ఆయన పక్కన కొడుకు అప్పన్న, ఆ పక్కన నూకరత్నం, చివర్న ఆమె కూతురు పైడి.

ఒకరోజు మీథేన్ వారి పిల్ల నూకరత్నం వాళ్ళ గుమ్మం ముందు నిలబడి గజగజా వణుకుతోంది. దానికి ముందూ వెనకా ఎవరూ లేరు. నలుగురు బుడతల్ని పట్టుకుని బతుకుతుండేది. వడగాలికి అందులో ఒకడి చెయ్యి జారిపోయింది. చెయ్యి ఖాళీ అయిపోయింది.

నూకరత్నం మనసు ఊరుకోలేదు. తన చేతిలో ఉన్న బుడతణ్ణి ఒకణ్ణి వదిలి, ఆ చెయ్యి పిల్లకిచ్చింది. వదిలిన బుడతడు, జారిపోయిన బుడతడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గాల్లో తేలుకుంటూ ఆటలకి పోయారు. వాళ్ళకేం, దిగుల్లేదు. ఒంటరిగా ఉన్నన్నాళ్ళూ మీథేన్ అన్న పిల్లని, ఒకరి చెయ్యి పట్టుకున్నాక మీథైల్ అన్నారు.

ఆ సాయంత్రం తలారి నూకరత్నం వాళ్ళ తలకాయలు లెక్కపెట్టాడు. అయిదు. "పెంటేన్ వారూ!" అని పిలిచాడు. పాపం, ఊళ్ళో అసలు పెంటేన్ వారు వేరే ఉన్నారు, బారుగా అయిదుగురు. వాళ్ళు చకచకా లోపలికి పోయారు. "పెంటేన్ వారు వచ్చేశారు, మీరెవరు?" అని కాపలావాడు తలుపేసేశాడు. అప్పుడు వీళ్ళు బండచాటున నక్కి ఎలాగో తెల్లవార్చారు. సన్యాసయ్య మీసం కాస్త కమిలింది.

మర్నాడు తలారి "బ్యూటేన్ వారూ!" అని పిలిచాడు. తలుపు తెరుచుకుంది. కానీ కాపలావాడు పిల్లకి చెయ్యి అడ్డం పెట్టాడు. "బ్యూటేన్ అంటే నలుగురే. పేరులో లేని మనిషిని లోపలికి రానివ్వను."

"అది రాకపోతే నేనూ రాను," అంది నూకరత్నం. ఆమె రాకపోతే ఆమె చెయ్యి పట్టుకున్న మొగుడు ఎలా వస్తాడు? మళ్ళీ అందరూ బండచాటుకే. ఆ రాత్రంతా సన్యాసయ్య సణుగుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత మూడో సాయంత్రం. ఆవేళ నిప్పు మరీ దగ్గరగా దిగింది. బండ కూడా కాలిపోతోంది. ఇంక దాక్కునే చోటు లేదు.

నూకరత్నం గోడ కిందకొచ్చి గట్టిగా అంది. "తలారి బాబూ! బారుగా ఉన్న పెద్ద వరస చూడు. నలుగురం. కాబట్టి మేం బ్యూటేన్ వారమే. కానీ మా పక్కన మీథైల్ ఉంది. అది ఎన్నో మనిషి చెయ్యి పట్టుకుందో ఆ అంకె కూడా కలిపి పిలువు."

తలారి సన్యాసయ్య వైపునుంచి లెక్కపెట్టి "మూడు" అన్నాడు. కాపలావాడు పైడి వైపునుంచి లెక్కపెట్టి "రెండు" అన్నాడు. "ఒక ఇంటికి రెండు పేర్లేమిటి? ముందు మీరు తేల్చుకోండి," అన్నాడు. తలుపు తియ్యలేదు.

"పిల్లకి ఎటు దగ్గరైతే అటునుంచే లెక్క," అంది నూకరత్నం.

సన్యాసయ్యకి ఎక్కడ లేని రోషం వచ్చింది. "ఇంటికి పెద్దవాణ్ణి నేనుండగా, ముక్కు తుడుచుకోడం రాని పైడితో మొదలెడతారా? నేను చివరివాణ్ణా?"

"మావయ్యా, పెద్దరికం రేపు చూసుకుందాం. వెనక నిప్పు!"

"ఎన్ని చెప్పు! లెక్క నాతోనే!"

పెద్దరికం అంటే అంతేనమ్మా, ఒళ్ళు కాలుతున్నా దిగదు. అలా అరుస్తూ ఆయన వెనక్కి తిరిగాడు. అప్పుడు మీథైల్ కనబడింది. ఆ పిల్ల నిప్పు వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. తన బుడతలకీ, పక్కనున్న పైడికీ సెగ తగలకుండా అడ్డం నిలబడింది. వీపు ఎర్రగా కందిపోయింది.

సన్యాసయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత గొంతు చించుకుని తనే అరిచాడు.

"ఒరే తలారీ! పైడి ఒకటి! మా కోడలు రెండు! మా వాడు మూడు! నేను నాలుగు! రెండో చోట పిల్ల! పిలవరా!"

మీథైల్ కళ్ళు గట్టిగా మూసుకుంది. పిలిస్తే గిలిస్తే తనని ఆఖర్న పిలుస్తారు, ఆలోగా తలుపు మూసేస్తారు అనుకుంది.

తలారి గొంతు సవరించుకున్నాడు.

"రెండు... మీథైల్... బ్యూటేన్ వారూ!"

తలుపు బార్లా తెరుచుకుంది. పిల్ల కళ్ళు తెరిచింది కానీ కదల్లేదు. ఇంటిపేరు కంటే ముందు తన పేరు వినబడిందంటే దానికి నమ్మకం కుదర్లేదు.

"తాతా, ముందు పిలిచింది నన్నేనా?"

"నిన్నేనే తల్లీ. నువ్వు నడు. నీ వెనకాలే మేం."

కథ చేరింది కంచికి,
కునుకు వచ్చె కంటికి,
చెయ్యి పట్టుకో, పోదాం ఇంటికి.